అన్నయ్య కోసం ప్రార్థన మనవి

టేపు మాస్టారుకు ఆ పేరు ఎవరు పెట్టారో గానీ సరిగ్గా అతికింది. కొలతల టేపు ఆయన మెడలో ఎప్పుడూ వేలాడుతూనే ఉంటుంది. రెండుసార్లు దానితోనే ఆరాధనకు వచ్చేశాడు. పక్క వరుసలో కూర్చునే రిటైర్డ్ నర్సు నవ్వాపుకోలేక పాటల పుస్తకం ముఖానికి అడ్డం పెట్టుకుంది.

మెట్ల కింద ఇరుకు గదిలో ఆయన దుకాణం. కొత్త బట్టలు కుట్టడం మానేసి చాలా ఏళ్ళయింది. ఇప్పుడన్నీ సవరింపులే. ప్యాంటు పొడవు తగ్గించడం, నడుము వదులు చేయడం, పాడైన జిప్పు మార్చడం. భార్య పోయి ఆరేళ్ళు. వేరే ఊళ్ళో ఉన్న కూతురు వారానికోసారి ఫోన్ చేసి, "ఒంట్లో బాగుందా నాన్నా?" అని అడుగుతుంది. బాగుందంటాడు. ఆ తరవాత ఇద్దరికీ ఏం మాట్లాడాలో తోచదు.

ఆయన జీవితంలో నలుగురితో గడిపే సమయం ఒక్కటే. ఆదివారం ఆరాధన అయ్యాక చర్చి వెనక గదిలో పెద్దవాళ్ళకు బైబిలు తరగతి చెబుతాడు. పదకొండు మంది వస్తారు. వాక్యం చదివి తలలూపి వెళ్ళిపోతే ఆయన ఊరుకోడు. "బాగుంది. మరి ఇది సోమవారం పొద్దున మీ వంటింట్లో ఎలా పనిచేస్తుంది? మీ ఆఫీసులో ఎలా పనిచేస్తుంది?" అని ఒక్కొక్కరినీ పట్టుకుని అడుగుతాడు. అందుకే ఆయన తరగతంటే కొందరికి ఇష్టం, కొందరికి దడ.

ఆ శనివారం మధ్యాహ్నం పని తెమిలాక మరుసటి రోజు పాఠం సిద్ధం చేసుకుంటున్నాడు. నీ సహోదరుడు తప్పు చేస్తే ఏం చేయాలో యేసు చెప్పిన పాఠం. ముందు నువ్వొక్కడివే వెళ్ళి, అతనూ నువ్వూ మాత్రమే ఉన్నప్పుడు మాట్లాడు. వినకపోతే ఒకరిద్దరిని వెంటబెట్టుకుని వెళ్ళు. అప్పటికీ వినకపోతేనే సంఘంలో చెప్పు. మాస్టారు బట్టల మీద గీతలు గీసే సుద్దముక్కతో, బల్ల మీదున్న అట్టముక్క మీద ఒకటి, రెండు, మూడు అని వేశాడు. ప్రతి అంకె పక్కనా తన జీవితంలోంచి ఒక ఉదాహరణ రాయడం ఆయన అలవాటు. ఒకటి పక్కన రాయడానికి ఏమీ దొరకలేదు. రెండు పక్కనా దొరకలేదు. మూడు దగ్గరికి వచ్చేసరికి మాత్రం దొరికింది. సుద్ద పట్టుకున్న చేయి అక్కడే ఆగిపోయింది.

పదిహేడేళ్ళ కిందటి సంగతి. మాస్టారు అన్నయ్య అప్పట్లో సంఘంలో పాటలు నడిపించేవాడు. ఆయన గొంతెత్తితే మిగతావాళ్ళ అపస్వరాలన్నీ సర్దుకునేవి. ఒక్కగానొక్క కొడుకు జబ్బుచేసి పోయాక మనిషి తాగుడికి మళ్ళాడు. విషయం మాస్టారు చెవిన పడింది. ఒక బుధవారం ప్రార్థన కూడికలో పాస్టరు గారు, "ప్రార్థన మనవులు ఎవరికైనా ఉన్నాయా?" అని అడిగితే, మాస్టారు లేచి నిలబడ్డాడు.

"మా అన్నయ్య తాగుడికి బానిసయ్యాడు. ఆయన విడుదల కోసం మీరంతా ప్రార్థన చేయాలి."

అన్నయ్య మొదటి వరుసలోనే ఉన్నాడు. నలభై తలలు ఒక్కసారిగా అటు తిరిగాయి.  అన్నయ్య పాటల పుస్తకం మూసి కుర్చీలో పెట్టి బయటికి నడిచాడు. వెనకే వదిన. మళ్ళీ వాళ్ళు ఆ గుమ్మం తొక్కలేదు. కూడిక అయ్యాక ఇద్దరు ముగ్గురు మాస్టారు చేయి పట్టుకుని, "అన్న మీద ఎంత భారమండీ మీకు" అన్నారు. ఆయనా అది అన్న మీద ప్రేమతో మోసిన భారమేననుకున్నాడు. పదిహేడేళ్ళూ అలాగే అనుకున్నాడు. భార్య పోయినప్పుడు వదిన ఒక్కతే సమాధుల తోటకు వచ్చి, దూరంగా నిలబడి, గుప్పెడు మట్టి వేసి వెళ్ళిపోయింది. అప్పుడు కూడా, వాళ్ళ అలక తీరలేదనే అనుకున్నాడు.

మాస్టారు అట్టముక్క పక్కన పెట్టి, షట్టరు దించి, బస్సెక్కాడు. రెండు బస్సులు మారాలి. దారి పొడుగునా చెప్పాల్సిన మాటలు మనసులో అల్లుకున్నాడు. తలుపు తట్టేసరికి అల్లుకున్నదంతా విడిపోయింది.

వదిన తలుపు తీసి, ఆయన్ని చూసి, "చెప్పు" అంది. రమ్మనలేదు.

"అన్నయ్యతో మాట్లాడాలి వదినా. ఒక్కడితోనే."

వదిన తలుపు మీంచి చేయి తీయలేదు. "నాలుగేళ్ళ నుంచి మతిమరుపు జబ్బు. సగం రోజులు నేనెవరో కూడా తెలియదు ఆయనకి. వెళ్ళు, మాట్లాడు" అని పక్కకు తప్పుకుంది.

అన్నయ్య కిటికీ దగ్గర కుర్చీలో ఉన్నాడు. చొక్కా గుండీలు ఒకదాని కాజాలో ఇంకొకటి పెట్టి ఉన్నాయి. మాస్టారు మెడలోని టేపు చూడగానే ముఖం వెలిగింది.

"వచ్చారా టైలర్ గారూ. ఇందాకట్నుంచీ చూస్తున్నాను. కొలతలు తీసుకుంటారా?"

 మాస్టారు ఆ ఎదురుచూపు కాదనలేక మెడలోంచి టేపు తీశాడు. అన్నయ్య బుద్ధిగా లేచి చేతులు చాపి నిలబడ్డాడు. చిన్నప్పుడు మోకాలు చీరుకుపోతే మాస్టారును ఎత్తుకుని ఇంటిదాకా మోసిన భుజాలవి. ఆయన కొలతలు మాస్టారుకు నోటికి వచ్చు. ఇప్పుడు భుజం దగ్గర రెండంగుళాలు తగ్గింది.

"సరిపోయిందండీ" అన్నాడు మాస్టారు. అన్నయ్యను అండీ అనడం పుట్టి బుద్ధెరిగాక అదే మొదటిసారి.

వంటింట్లో వదిన స్టవ్వు వైపు తిరిగి నిలబడి ఉంది.

"క్షమాపణ అడుగుదామని వచ్చాను వదినా."

"ఎవర్ని? ఆయన్నా? నువ్వు చేసింది ఇప్పుడు ఆయన దగ్గర లేదు. మిగతా వాటితో పాటు అదీ పోయింది." వదిన ఇటు తిరిగింది. "నా దగ్గరుంది."

మాస్టారు తల దించుకున్నాడు.

"ఒక్క మాట చెప్తాను విను. ఆ బుధవారానికి ఆయన తాగుడు మానేసి ఇరవై రెండు రోజులు. క్యాలెండర్లో రోజూ నేనే గీత పెట్టేదాన్ని. నెల నిండాక నీకు చెబుదామన్నారు. తమ్ముడు సంతోషిస్తాడు అన్నారు. నువ్వు ఒక్క పూట వచ్చి అడిగుంటే ఆ గీతలు చూపించేవాళ్ళం. కూడిక నుంచి ఇంటికి రాలేదు ఆయన. తిన్నగా సారా దుకాణానికే వెళ్ళారు."

"నాకు తెలియదు వదినా."

"అడగలేదు కదా."

స్టవ్వు మీద గిన్నె మూత టకటకలాడింది. వదిన మంట తగ్గించింది.

"మీరు నన్ను క్షమించగలరా?" అన్నాడు చివరికి.

"ఇవాళ నా వల్ల కాదు. లేనిది ఉందని చెప్పలేను." కాస్త ఆగి, వేరే గొంతుతో అంది: "ఆయన గుండీలు పెట్టుకోలేకపోతున్నారు. నేను పెట్టబోతే చేయి విదిలించేస్తారు. దానికేమైనా చేయగలవా?"

మాస్టారు ఏడు చొక్కాలు సంచిలో వేసుకుని తిరుగు బస్సెక్కాడు.

ఆదివారం పొద్దున ఆరాధనకు ముందే పాస్టరు గారిని కలిసి, సంఘం ముందు ఒక మాట చెప్పుకోవాలన్నాడు. విషయం విని పాస్టరు గారు ఇబ్బందిగా కదిలారు.

"ఎప్పటి మాట మాస్టారూ అది. సగం మందికి గుర్తు కూడా ఉండదు. ఇప్పుడు కెలకడం దేనికి?"

"అన్నప్పుడు అందరి ముందూ అన్నానండీ."

లేచి నిలబడ్డాడు. ఆరాధన మధ్యలో, అందరికీ వినపడేలా చెప్పాడు. "పదిహేడేళ్ళ కిందట ఇక్కడే నిలబడి మా అన్నయ్య కోసం ప్రార్థన మనవి చేశాను. అది మనవి కాదు, ఫిర్యాదు. ముందు ఆయన దగ్గరికి ఒంటరిగా వెళ్ళాలని వాక్యం చెబుతోంది. నేను వెళ్ళలేదు. వెళ్ళుంటే, ఆయన అప్పటికే మానేసి ఇరవై రెండు రోజులైందని తెలిసేది. ఆయన్ని మీ అందరి ముందూ తలెత్తుకోలేకుండా చేసింది నేను. తప్పు నాది."

 ఎవరో దగ్గారు. పాస్టరు గారు తరవాతి పాట సంఖ్య చెప్పారు.

ఆరాధన అయ్యాక జనం ఎప్పటికన్నా త్వరగా తప్పుకున్నారు. నర్సు ఒక్కతే గుమ్మం దగ్గర ఆగింది. "ఆ బుధవారం ఇంటికెళ్ళి నేను నలుగురికి ఫోన్ చేశాను మాస్టారూ. ప్రార్థన చేయమనే" అని వెళ్ళిపోయింది. ఆ వారం తరగతికి ఐదుగురు వచ్చారు. మరుసటి వారం ముగ్గురు. సంఘ పెద్దలు దుకాణానికి వచ్చి, "కొన్నాళ్ళు విశ్రాంతి తీసుకోండి, తరగతి నర్సు గారు చూసుకుంటారు" అన్నారు. మాస్టారు సరేనన్నాడు. తన మీద వాళ్ళకు కోపమో, తమ సంగతులు ఎక్కడ బయటపడతాయోనన్న భయమో ఆయనకు అర్థం కాలేదు. ఆదివారం మధ్యాహ్నాలు ఖాళీ అయిపోయాయి. దుకాణం మూసి ఉన్నా వెళ్ళి లోపల కూర్చునేవాడు. సూదులన్నీ సైజుల వారీగా సర్దేవాడు. సర్దడానికి ఇంకేమీ మిగిలేది కాదు.

చొక్కాల పని మాత్రం శ్రద్ధగా చేశాడు. గుండీల చోట లోపలివైపు, ఒత్తితే అతుక్కునే పట్టీలు కుట్టి, పైన గుండీలు చూడ్డానికి అలాగే ఉంచాడు. గురువారం తీసుకెళ్తే అన్నయ్య తనంతట తాను తొడుక్కుని, రొమ్ము మీద అరచేత్తో ఒత్తుకుని, అద్దం ముందు చాలాసేపు నిలబడ్డాడు. వదిన గుమ్మంలోంచి చూసి లోపలికి వెళ్ళిపోయింది.

అప్పట్నుంచి ప్రతి గురువారం వెళ్ళేవాడు. వదిన తలుపు తీసేది, కుర్చీ చూపించేది. అంతకు మించి మాట్లాడేది కాదు. రెండు నెలలు గడిచాక ఒక గురువారం, ఆయన కూర్చోగానే, "ఒక్క అరగంట బయటికి వెళ్ళొస్తాను. చూస్తావా?" అంది. చెప్పులు వేసుకుని వెళ్ళిపోయింది.

అన్నదమ్ములిద్దరే మిగిలారు.

"మీకు అన్నదమ్ములు ఉన్నారా టైలర్ గారూ?" అన్నాడు అన్నయ్య ఉన్నట్టుండి.

"ఒక అన్నయ్య ఉన్నాడండీ."

"మంచివాడేనా?"

"చాలా మంచివాడు. నేనే ఆయనకి అన్యాయం చేశాను. ఆయన కష్టంలో ఉంటే దగ్గరికి వెళ్ళి మాట్లాడకుండా పదిమందిలో పరువు తీశాను."

అన్నయ్య నొసలు ముడిచి ఆలోచించాడు. "అది తప్పండీ" అన్నాడు.

"తప్పేనండీ."

"వెళ్ళి చెప్పండి మరి ఆయనకి. ఎవరూ లేనప్పుడు చెప్పండి."

"చెప్పాను."

"ఏమన్నాడు?"

 మాస్టారు ముఖం చేతుల్లో దాచుకుంటే, అన్నయ్య తన పక్కనున్న తువ్వాలు తీసి ఆయన ఒళ్ళో పెట్టి, కిటికీ వైపు తిరిగాడు.

వదిన అరగంటకు బదులు గంటకు వచ్చింది. చేతిలో ఏమీ లేదు. "ఊరికే వీధి చివరిదాకా నడిచి, అక్కడ బెంచీ మీద కూర్చున్నాను. అలా కూర్చుని ఎన్నేళ్ళయిందో" అంది. "వచ్చే వారం కూడా వస్తావుగా?"

"వస్తాను వదినా."

క్షమించానని ఆమె ఆ రోజు అనలేదు, ఆ తరవాతా అనలేదు. మాస్టారు మళ్ళీ అడగలేదు. కొన్ని గురువారాలు అన్నయ్య ఆయన్ని చూసి సంబరపడేవాడు. కొన్ని గురువారాలు, "ఎవరీ మనిషి? పంపించెయ్" అని గొడవ చేసేవాడు. అలాంటి రోజుల్లో మాస్టారు బయట వరండాలో కూర్చుని, లోపల వదిన సర్దిచెబుతున్న గొంతు వింటూ, బస్సు వేళ అయ్యేదాకా ఉండి వెళ్ళేవాడు.