డొల్ల జవాబు

నాకు ప్రశ్నలు చదవడం వచ్చు, జవాబులు రావు. ఈ మాట ముందే చెప్పడం మంచిది. ఎందుకంటే యేసమ్మే మనవరాలికి రైల్వే పరీక్షకు చదువు చెప్పిందని మా పక్క క్వార్టర్ లింగవ్వ గోదావరిఖని అంతా చెప్పి వచ్చింది. చదువు చెప్పడానికి నేనెవరిని? చిన్నప్పుడు బడికి పోయింది రెండు వానాకాలాలు. మిగతా అక్షరాలన్నీ పెళ్లయి ఈ బొగ్గుబాయిల ఊరికి వచ్చాక, చర్చిలో పాస్టరమ్మ పక్కన కూర్చుని, కీర్తనల పుస్తకం మీద వేలు పెట్టి నేర్చుకున్నవే. అందుకే నేను ఏది చదివినా కొంచెం రాగం వస్తుంది. కరెంటు బిల్లు చదివినా వస్తుంది.

"క్రింది... వానిలో... విటమిన్ సి లోపము వలన... కలుగు వ్యాధి... ఏది?" అని నేను చదివితే మా రెజీనా పడీపడీ నవ్వేది.

"బాపమ్మా, నువ్వు సదివితె ఆమెన్ అనబుద్ధయితాంది."

"అను బిడ్డా. అని జవాబు గూడ చెప్పు."

"స్కర్వీ. ఆమెన్."

రెజీనా నా కొడుకు ఆరోన్ కూతురు. డిగ్రీ అయిపోయింది. రైల్వేలో క్లర్కు కావాలని దాని ఆశ. నిరుడు పరీక్ష రాసి గట్టు దాకా వచ్చి జారింది. ఆ పరీక్షలో ఒక తిరకాసు ఉంది. తప్పు జవాబు పెడితే, సరిగ్గా పెట్టినవాటి మార్కుల్లోంచి కొంత కోసేస్తారు. తెలియనిది తెలియదని వదిలేస్తే ఏమీ కోయరు. మా పిల్ల ఒక్కటీ వదల్లేదు. బళ్లో ఊరికే నిలబడ్డ పిల్లకు దెబ్బలు పడేవి, ఏదో ఒకటి చెప్పిన పిల్ల కూర్చునేది. ఆ అలవాటు ఎక్కడికి పోతుంది?

ఈసారి పరీక్ష మీద ఇంకో బరువు పడింది. ఆరోన్ గని లోపల పంపు నడుపుతాడు. భూమి అడుగున ఊరే నీళ్లను పైకి తోడే పంపు. మోకాలు అరిగింది, మెట్లు దిగేటప్పుడు పట్టేస్తుంది. గనిలో పనికి ఇక పనికిరాడని మెడికల్ బోర్డు రాసిస్తే ఆ నౌకరి బిడ్డకు వచ్చే దారి ఒకటుంది. ఒక ఆదివారం అన్నం తింటూ ఆరోన్ ఆ మాట తీశాడు.

"ఈసారి గూడ రాకుంటె నేను బోర్డుకు పోత. పనికిరానని రాయించుకుంట. నా నౌకరి పిల్లకొస్తది."

"నువ్వు పనికిరానోడివా బాపూ?" అంది రెజీనా. దాని కళ్లలో అప్పటికే నీళ్లు.

"నాకు గూడ యాష్టకొచ్చిందే. ఇంట్ల సుకంగ కూసుంట."

కోడలు చారు పోసింది. నాకు మాత్రం ఆ మాట చెవిలో ఎక్కడో సరిగ్గా కూర్చోలేదు. ఎందుకో అప్పుడు తెలియలేదు. మా ఆయన యిర్మియా రిటైరైన రోజు గని గేటు దగ్గర నుంచి ఇంటిదాకా బ్యాండు వాయించుకుంటూ తీసుకొచ్చారు. మెడలో దండలతో ఆయన మొహం కనపడలేదు. ఆ బ్యాండు ముందు అందరికన్నా ఎక్కువ ఎగిరింది ఆరోనే. నేను కూడా గట్లనే వస్తనే అవ్వా అని ఆ రాత్రి నాతో అన్నాడు. పనికిరానని కాగితం రాయించుకున్నవాడికి ఏ బ్యాండు వస్తుంది?

రెజీనాకూ అదే దిగులు. దానికి నౌకరి కావాలి, కానీ తండ్రిని చేతగానివాడిని చేసి వచ్చే నౌకరి వద్దు. ఇక చదువే చదువు. మొదట్లో అదీ దాని స్నేహితురాలు మమతా ఒకరినొకరు ప్రశ్నలు అడిగేవాళ్లు. మమత కోచింగ్ కోసం హైదరాబాద్ పోతూ తన పాత పుస్తకం ఇచ్చిపోయింది. అడిగే మనిషి లేక ఆ పుస్తకం నా ఒళ్లోకి వచ్చింది.

ఓపెన్‌కాస్టు గనిలో బ్లాస్టింగ్ అయి, గూట్లో గిన్నెలు గలగలమని ఆగాక, క్వార్టర్ ముందు రేకుల పందిట్లో కూర్చునేవాళ్లం. నా చేతిలో పుస్తకం, దాని చేతిలో చిక్కుడుకాయలో, గోంగూరో. చేతులు ఊరికే ఉంటే దానికి మతి నిలవదు. నేను రాగం తీస్తూ అడగడం, అది చెప్పడం, ఆ తర్వాత పుస్తకం వెనక చూసుకోవడం. "క్రింది వాక్యాలలో సరికానిది ఏది" అనే రకం వచ్చినప్పుడు మాత్రం నాకు కోపం వచ్చేది. సరికానిది పుస్తకంలో అచ్చు వేయడం దేనికి?

కొన్నాళ్లు గడిచాక ఒకటి గమనించాను. జవాబు సరైనదో కాదో వెనక చూస్తేగాని నాకు తెలియదు కదా. కానీ చూడకముందే నా చెవికి ఏదో అందేది. తెలిసిన జవాబైతే రెజీనా చేతిలో పని ఆగదు, మాట టక్కున పడుతుంది. తెలియనిదైతే చిక్కుడుకాయ సగం ఈనె దగ్గర ఆగిపోతుంది. మాట కొసన "గదే" అని ఒకటి వచ్చి అతుక్కుంటుంది.

ఆ చప్పుడు నాకు కొత్త కాదు. యిర్మియా గనిలో టింబర్ మేస్త్రీ. బొగ్గు తీసిన చోట పైకప్పు కూలకుండా దుంగలు నిలబెట్టించేవాడు. ఎవరినీ కిందికి పోనివ్వకముందు పొడుగాటి కట్టెతో తానే పైన తట్టి చూసేవాడు. గట్టి బండ అయితే కంచు మోగినట్టు మోగుతుందట. లోపల పొర విడిపోయి ఉంటే డొల్లగా వినిపిస్తుందట. ఆ అలవాటు ఇంటికీ వచ్చింది. సంతలో కుండ తట్టేవాడు, తర్బూజా తట్టేవాడు. పెళ్లిచూపులకు వచ్చినప్పుడు మా ఇంటి గోడ తట్టి చూశాడని మా అన్న బతికినంత కాలం చెప్పి నవ్వాడు. ఆయన పోయాక ఆ కట్టెతో మేం మునక్కాయలు దింపుకుంటున్నాం.

ఒక సాయంత్రం అడిగాను: "సంతోష్ ట్రోఫీ... ఏ క్రీడకు... సంబంధించినది?"

"హాకీ... గదే, హాకీ."

"డొల్ల," అన్నాను.

"ఏంది?"

"డొల్ల మోగింది బిడ్డా. ఎనక సూడు."

వెనక ఫుట్‌బాల్ అని ఉంది. రెజీనా పుస్తకం వంకా నా వంకా చూసింది. "నీకు తెల్సునా బాపమ్మా?"

"నాకేం తెల్సు? ట్రోఫీ అంటె తినేదో తాగేదో గూడ తెల్వది. నీ గొంతు తెల్సు."

అప్పటి నుంచి మా చదువు మారింది. నేను డొల్ల అన్నవన్నీ అది పక్కన పెట్టి చదువుకునేది. మర్నాడు ముందు నిన్నటి డొల్లలే అడగాలి. గట్టిగా మోగేదాకా అడగాలి.

అన్నిసార్లూ నా మాట నిలిచిందని కాదు. లోక్‌తక్ సరస్సు ఏ రాష్ట్రంలో ఉందని అడిగితే, "మణిపూర్... గదే," అంది. డొల్ల అన్నాను. చూస్తే మణిపూరే. రెజీనా చిక్కుడుకాయ ఎగరేసి పట్టుకుంది.

"సూసినవా! నీ మాట వింటె మార్కు పోతుండె."

"డొల్ల మోగిన కప్పు ప్రతిసారి పడదు బిడ్డా. మీ తాత తట్టి వద్దన్న కాడ గూడ చాన దినాలు పడకుండ నిలిచినయి. అయినా దాని కింద మనిషిని నిలవెట్టలే."

కరివేపాకు కోసం వచ్చిన లింగవ్వ నడుం మీద చెయ్యి పెట్టి నిలబడింది. "ఏం యేసక్కా, ఇప్పుడు నౌకరి జేస్తవా ఏంది?"

"ఇస్తె చేస్త. నీకు తెల్సునా, లోక్‌తక్ సరస్సు ఏడున్నదో?"

"మా నల్లకు నీళ్లెప్పుడొస్తయో తెల్వది, సరస్సు జోలి నాకెందుకే!"

ఆరోన్‌కు మాత్రం ఇదంతా నచ్చలేదు. ఆ వారం ఫస్ట్ షిఫ్టు, సాయంత్రాలు ఇంట్లోనే ఉంటున్నాడు. మంచం మీద కూర్చుని మోకాలికి నూనె రాసుకుంటూ విన్నాడు.

"గిదేం సదువే అవ్వా? ఇడిసిపెట్టుమని నేర్పుతానవా? ఖాళీగ పెడితె మార్కులెట్లొస్తయి? ఏదో ఒకటి పెట్టి రావాలె."

"మీ బాపు గట్లనే పంపిండారా మనుషులను లోపటికి, ఏదో ఒకటి అయితదని?"

ఆరోన్ చెయ్యి మోకాలి మీద ఆగింది. తర్వాత మళ్లీ రాసుకున్నాడు. వాడి భయం నాకు అర్థమైంది. పిల్ల ఎన్ని వదిలితే, బోర్డు వాడికి అంత దగ్గర.

పరీక్ష దగ్గరికి వచ్చిన రోజుల్లో ఒకటి జరిగింది. పుస్తకంలో తెలంగాణ భాగం నడుస్తోంది.

"తెలంగాణలోని... మొత్తము జిల్లాలు... ఎన్ని?"

"ముప్పై మూడు." గోంగూర తుంచుతున్న చెయ్యి ఆగలేదు.

వెనక చూస్తే ముప్పై ఒకటి అని ఉంది. రెజీనా మొహం వాడిపోయింది. "ముప్పై ఒకటేనా? అయితె... గదే, ముప్పై ఒకటేమో బాపమ్మా. నేనే తప్పేమో."

"ఆగు. మొదలు చెప్పింది గట్టిగ మోగింది. ఇప్పుడు చెప్పింది డొల్ల."

"పుస్తకంల ఉన్నది గదా."

"పుస్తకాన్ని గూడ తట్టి సూడు."

అది పుస్తకం తిప్పి అచ్చయిన సంవత్సరం చూసింది. తలకొట్టుకుంది. ములుగు, నారాయణపేట జిల్లాలు రాకముందు వేసిన పుస్తకం అది. నాకు అంతా కరీంనగర్ జిల్లాగా ఉన్న కాలమే గుర్తు, పెద్దపల్లి జిల్లా అనడానికి ఇప్పటికీ నాలుక తిరగదు. ఆ రోజు రెజీనా చాలాసేపు గోంగూర ముట్టలేదు. ఆ తర్వాత నేను డొల్ల అనేలోపే, "డొల్ల బాపమ్మా, ఇడిసిపెట్టు," అని తనే అనడం మొదలుపెట్టింది. నాకు పని తగ్గింది. నిజం చెప్పాలంటే కొంచెం బెంగ కూడా అయింది.

పరీక్ష కరీంనగర్‌లో. తండ్రీ కూతురూ పోతుంటే నేనూ చెప్పులు వేసుకున్నాను. లోపలికి పుస్తకం లేదు, పెన్ను లేదు, చెవికమ్మలు కూడా తీయించారు. అది కమ్మలు నా చేతిలో పెట్టి పోయింది. నేనూ ఆరోనూ ఎదురుగా ఉన్న జిరాక్స్ షాపు నీడలో కూర్చున్నాం. ఆరోన్ చాయ్ తెచ్చి ఇచ్చి, తనది తాగకుండానే చల్లార్చాడు.

రెజీనా బయటికి రాగానే ఆరోన్ అడిగిన మొదటి మాట, "అన్ని పెట్టినవా?"

"లేదు బాపూ. చానా ఇడిసిపెట్టిన."

ఆరోన్ తల ఊపాడు. బస్టాండు వైపు నడిచాడు. బస్సులో కిటికీ పక్కన కూర్చుని బయటికే చూస్తున్నాడు. రెజీనా నా భుజం మీద తల పెట్టింది.

"బాపమ్మా, కంప్యూటర్ల ప్రశ్న రాంగనే లోపట నీ రాగంతోని సదువుకున్న. జవాబు లోపట్నే చెప్పుకొని ఇన్న. గదే అని తోక వస్తె ముట్టలే."

"నవ్వు రాలేదా బిడ్డా?"

"ఒక్కసారి వచ్చింది. ఆడున్న సారు సూసిండు."

కాసేపటికి ఆరోన్ ఇటు తిరిగాడు. "ఏమేం ఇడిసిపెట్టినవ్? ఒకటి చెప్పు."

"రౌండ్ రెవల్యూషన్ దేనికి సంబంధించింది? గుండ్రటి విప్లవమట."

ఆరోన్ గొంతు సవరించుకున్నాడు. "గుండ్రటిదా? సక్రాలు. బండి సక్రాలు... గదే."

"డొల్ల రా," అన్నాను.

ముందు సీట్లో కూర్చున్న పిల్ల, అదే పరీక్ష రాసి వచ్చిందేమో, వెనక్కి తిరిగి, "ఆలుగడ్డలు అంకుల్," అంది. రెజీనా నవ్వింది. ఆరోన్ కాసేపు బిగపట్టి, చివరికి వాడూ నవ్వాడు. సుల్తానాబాద్ దాటేదాకా ముగ్గురం నవ్వుతూనే ఉన్నాం. నవ్వు ఆగాక, "నేనైతె సక్రాలనే పెట్టి వస్తుంటి," అన్నాడు మెల్లగా. పిల్ల చెయ్యి తన చేతిలోకి తీసుకున్నాడు.

అయినా బోర్డు మాట వాడి మనసులోంచి పోలేదు. దరఖాస్తు గురించి ఆఫీసులో తెలిసిన రఘుపతిని అడిగి పెట్టుకున్నాడు. జాబితా వచ్చాక చెప్తానన్నాడు.

మొదటి పరీక్ష జాబితాలో రెజీనా పేరు వచ్చింది. దాని మీద ఇంకో పరీక్ష ఉందట. మళ్లీ పందిట్లో కూర్చున్నాం, ఈసారి కొత్త పుస్తకంతో. అదీ అట్లాగే రాసి వచ్చింది. వదిలినవి వదిలి, గట్టివి పెట్టి. వానాకాలం వెళ్లి చలి మొదలయ్యాక ఒక సాయంత్రం ఫోను చూస్తూ చూస్తూ లేచి నిలబడింది. ఒళ్లో ఉన్న చిక్కుడుకాయలన్నీ నేలపాలు.

"బాపమ్మా, ఆఖరి లిస్టు. వచ్చింది."

"సరిగ్గ సూడు బిడ్డా."

"వచ్చింది బాపమ్మా." ఆ గొంతు వింటే చాలు, ఇంక ఫోను చూడక్కర్లేదు.

కోడలు వంటింట్లోంచి పిండి చేతులతోనే వచ్చి పిల్లను పట్టుకుంది. లింగవ్వ వచ్చి, ఇంతకీ సరస్సు ఎక్కడుందని అడిగింది. ఆరోన్ డ్యూటీ నుంచి వచ్చేసరికి పందిరి నిండా జనం. విన్నాడు. పిల్ల తల మీద చెయ్యి పెట్టి నిలబడ్డాడు. తర్వాత పెరట్లోకి పోయి ఫోను చేశాడు. మునగచెట్టు దగ్గర నేను గిన్నెలు కడుగుతున్నాను కాబట్టి విన్నాను.

"రఘుపతన్నా, ఆ కాగితం వద్దే. నేను బోర్డుకు వస్తలేను... ఆఁ, పిల్లకచ్చింది."

ఫోను జేబులో పెట్టుకుని నన్ను చూశాడు.

"అవ్వా, ఇంక కొన్నేండ్లు చేస్త. మోకాలుదేమున్నది, దవాఖానల సూపెట్టుకుంట. మా పంపు నా చెయ్యికి తప్ప ఇంకో చెయ్యికి లొంగదు."

ఆదివారం అన్నం దగ్గర ఇంట్లో సుఖంగా కూర్చుంటానని వాడు అన్న మాట నాకు గుర్తొచ్చింది. అప్పుడు నా చెవిలో కూర్చోనిది ఏమిటో ఇప్పుడు తెలిసింది. ఈ మాట మాత్రం కంచులా మోగింది. పొద్దుటి షిఫ్టు టిఫిన్లోకి పెరుగు కట్టమంటావా అని అడిగాను.

"కట్టు," అన్నాడు.