పట్ట తీసిన చెయ్యి

మంగళవారం పొద్దున పదిన్నరకు శ్రీకాళహస్తి కోర్టులో యోగానందకు చార్జిషీటు నకలు ఇచ్చారు. బోరు మోటార్ల దొంగతనం కేసులో అతను మూడో ముద్దాయి.

సాక్ష్యానికి పిలిచారనుకుని వచ్చాడు. ఏర్పేడు దగ్గర మోటార్లకు వైండింగ్ చేసే షాపు అతనిది. సమన్లు అందగానే బాలచంద్రకు ఫోన్ చేశాడు. బాలచంద్ర పక్క మండలం స్టేషన్లో హెడ్ కానిస్టేబులు. ఇద్దరూ ఒకే బెంచీలో చదువుకున్నారు.

"మామూలే రా. వచ్చి కనపడి పో," అన్నాడు బాలచంద్ర.

షాపు మూసి, ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు.

అప్పటికప్పుడు కోర్టులో కుదుర్చుకున్న వకీలు ఐశ్వర్య నకలు చదివింది.

"అన్నా, మోటార్లు పోలీసోళ్లకు సూపించింది నువ్వేనా?"

"నేనేమ్మా. బాలచంద్ర సూపించమన్నాడు."

పోయిన వేసవిలో ఒక సాయంత్రం బాలచంద్ర షాపుకు వచ్చాడు. దొంగలిద్దరు దొరికారు, మోటార్లు ఏ రైతువో గుర్తుపట్టే సాక్షి కావాలన్నాడు. బండి ఎక్కించుకుని తన బామ్మర్ది వెంకటముని పొలానికి తీసుకుపోయాడు. మోటార్లు అక్కడి షెడ్డులో ఉన్నాయి.

"ఇది మీ వెంకటముని షెడ్డు గదరా?"

"స్టేషన్లో చోటు లేక ఈడ దించినాము. లోపల వెలుతురు సాలదు, బయట వీడియో తీస్తాం."

కానిస్టేబుళ్లు మోటార్లను కంపచెట్ల పక్కకు మోసి, పైన టార్పాలిన్ పట్ట కప్పారు. బాలచంద్ర ఫోన్ పట్టుకున్నాడు.

"పట్ట నువ్వే తియ్. మాట్లాడొద్దు, సేత్తో సూపించు. పెండ్లిపందిట్లో అరుంధతిని సూపించినట్టు ఆకాశం పక్క కాదబ్బా, మోటారు పక్క."

యోగానంద నవ్వాడు. పట్ట తీసి, తను వైండింగ్ చేసిన మోటార్లను ఒక్కొక్కటిగా చూపించాడు. సాక్షి సంతకం అంటే పెట్టాడు.

"నీకే అమ్మినామని దొంగలు చెప్పినట్టు రాసినారు," అంది ఐశ్వర్య. "పోలీసుల ముందర చెప్పిన ఆ మాట కోర్టులో నిలబడదు. దాచిన సరుకును నువ్వే సూపించినావన్నది నిలబడతాది. వీడియో ఉండాది."

బాలచంద్ర కోర్టు బయట టీ అంగడి దగ్గర ఉన్నాడు. యోగానందను చూసి ఇంకో టీ చెప్పాడు.

"నన్ను దొంగను చేసినావు గదరా."

"పైన ఎస్సై రాయమన్నాడు. సరుకు కొన్నోడు ఒకడు లేకపోతే కేసు అతకదు. కొట్టేస్తారు లేరా, నీకేం కాదు."

"కొన్నోడు మీ బామ్మర్ది. సరుకుండింది వాని షెడ్డులో."

బాలచంద్ర గ్లాసు బల్ల మీద పెట్టాడు.

"యాడప్పా షెడ్డు? వీడియోలో షెడ్డు ఉండాదా?"

యోగానంద టీ ముట్టుకోలేదు. లోపల బంట్రోతు మూడో ముద్దాయిని పిలిచాడు. అతను పోయి బోనులో నిలబడ్డాడు. నకళ్లు అందాయా అని మేజిస్ట్రేటు అడిగారు. అందాయన్నాడు. కేసు వచ్చే నెలకు వాయిదా పడింది.

వీడియో నకలును ఐశ్వర్య తన ఆఫీసులో వేసి చూపించింది. అందులో మాట లేదు. కనిపించేవి కంపచెట్లు, మోటార్లు, పట్ట తీస్తున్న యోగానంద.