బురుల్ కేక

ఇనుప ఉచ్చు పళ్ళ మధ్య గద్ద కాలు నలిగి ఎముక బయటపడింది. బురుల్ ఉచ్చు విడదీస్తుంటే అది రెండో కాలి గోళ్ళు ఆమె ముంజేతిలో దించింది. గోళ్ళు తోలు తొడుగు చీల్చుకుని కండలోకి దిగినా ఆమె చెయ్యి లాక్కోలేదు. లాక్కుంటే దాని కాలు ఊడి వచ్చేది. ఉచ్చు పెట్టిన కాపరి శారిప్ పక్కనే నిలబడి, తోడేలు కోసం పెడితే ఈ దరిద్రం పడిందని విసుక్కున్నాడు.

నరిన్ కొండల్లో దెబ్బతిన్న జంతువుల్ని బాగుచేసి వదిలే జీతంలేని గుంపు బురుల్ వాళ్ళది. పశువుల డాక్టరు ఎర్మెక్ దానికి పెద్ద. అతనిది ఒకటే పట్టుదల. జంతువుకి మనిషి మొహం కనబడకూడదు, గొంతు వినబడకూడదు. గోనె కప్పుకుని వెళ్ళి మాంసం పడేసి రావాలి. మనిషంటే మచ్చికైన జంతువు కొండల్లో బతకదని అతని వాదన.

గద్ద మాంసం ముట్టలేదు. గోనె కనబడితే చాలు, పంజరం జాలికేసి తల బాదుకుని నెత్తురు కార్చేది. అది చచ్చిపోతుందని బురుల్‌కి బెంగ పట్టుకుంది. ఆమె గద్దలతో వేటాడే ఇంటి పిల్ల. గద్దను పిలిచే కేక ఉగ్గుపాలతో అబ్బింది. ఎవరూ లేనప్పుడు గోనె తీసేసి, మాంసం పిడికిట పట్టుకుని "కేహ్... కేహ్" అని పిలిచింది. పిలవగా పిలవగా అది వచ్చి తింది. బురుల్ మురిసిపోయింది, పిచ్చిది! ఆ తరవాత రోజూ పిలిచింది.

కాలు మానాక వదిలిన రోజు గద్ద గుట్ట దాటేంత ఎత్తుకి లేచింది. లోయలో ఉన్న శారిప్ సరదాకి అదే కేక వేశాడు. ఆ కేక అక్కడ ప్రతి మగాడికీ వచ్చు. గద్ద గిరుక్కున తిరిగి అతని మీదికి దిగసాగింది. ఇదేదో బాగానే ఉందని, దాన్ని పట్టుకోడానికి శారిప్ నడుముకున్న తాడు విప్పాడు. బురుల్ పరుగెత్తి, రాళ్ళు రువ్వి దాన్ని మళ్ళీ పైకి తోలింది.

ఎర్మెక్ ఆమె వైపు తిరిగాడు. "నువ్వేనా నేర్పింది?"

"తినలేదన్నా. చచ్చిపోయేది."

అతను తన గుర్రం కొరడా ఆమె చేతిలో పెట్టాడు. "నువ్వే పిలువు. రెక్క విరక్కుండా కొట్టు. ఆ కేక వింటే దాని ఒళ్ళు మండాలి."

ఆమె పిలిచింది. గద్ద నమ్మకంగా వచ్చి పిడికిలి మీద వాలింది. బురుల్ కొరడాతో దాని వీపు మీద కొట్టింది. ఈకలు రాలాయి. అది నేల మీద పడి, ఆమెను చూసి, లేచి ఎగిరింది. మళ్ళీ పిలిచింది. మళ్ళీ వచ్చింది.

"ఎందుకొచ్చావే సిగ్గులేనిదానా," అని ఏడుస్తూ, నెత్తురు చిమ్మేదాకా కొట్టింది.

ఈసారి పిలిస్తే గద్ద పిడికిలి మీదికి రాలేదు, మొహం మీదికొచ్చింది. కంటి కింద నుంచి దవడ దాకా చెంప చీరేసింది. ఎర్మెక్ ఇంకొక్కసారి పిలిచి చూడమన్నాడు. పిలిచింది. గద్ద తల కూడా తిప్పకుండా గుట్ట అవతలికి వెళ్ళిపోయింది.

ఇక చాలు, పద, కుట్లు వేయాలని ఎర్మెక్ ఆమె చెయ్యి పట్టుకున్నాడు. బురుల్ చెయ్యి విడిపించుకుంది. నోట్లోకి కారుతున్న నెత్తురు ఉమ్మేసి, ఎవరూ అడక్కుండానే మళ్ళీ పిలిచింది.