సమ్మమ్మ ఊ అంటేనే

మూడు వారాలకోసారి, గురువారం పొద్దున్నే, సమ్మమ్మ తన మనుమరాలు నవ్యను తీసుకొని హసన్‌పర్తిలో బస్సెక్కేది. సంచిలో టిఫిన్ డబ్బా, ఫ్లాస్కులో చాయ, ఒక పాత దుప్పటి ఉండేవి. చల్లటి రక్తం ఒంట్లోకి ఎక్కుతుంటే పిల్లకు లోపలి నుంచి చలి పుట్టేది, దుప్పటి అందుకు. అన్నం తినగానే చాయ తాగితే తిండిలోని ఇనుము ఒంటికి తక్కువ పడుతుందని, ఈ పిల్లకు అదే మంచిదని డాక్టరమ్మ చెప్పింది, చాయ అందుకు. పదేండ్ల పిల్లకు చాయ అలవాటు చేయమనే డాక్టరు కూడా ఉంటుందా అని సమ్మమ్మ మొదట్లో ముక్కున వేలేసుకున్నది గానీ, తర్వాత అదీ అలవాటైపోయింది.

హనుమకొండలోని ఆ దవాఖానలో తలసేమియా పిల్లలకని ఒక పొడుగాటి గది ఉన్నది. ఆ పిల్లల ఒంట్లో రక్తం తయారైనట్టే అయి విరిగిపోతుంటుంది. ఏ తల్లులో కన్న బిడ్డలు ఇచ్చిన రక్తం వీళ్లకు ఎక్కించాలి, బతికినన్నాళ్లూ. నవ్య తల్లీ తండ్రీ ఇద్దరూ కూలికి పోతేనే ఇల్లు నడిచేది కాబట్టి దవాఖాన పని సమ్మమ్మ మీద పడింది.

నర్సు స్నేహలత సూదులు పెట్టే దాకా గదంతా ఏడుపు. పెట్టినాక నాలుగు గంటల పాటు ఏం చేయాలో తోచక పిల్లలంతా మౌనిక మంచం చుట్టూ మూగేవాళ్లు. సంచులు వేలాడే ఇనుప కర్రలను తమతో పాటే నెట్టుకొని వచ్చేవాళ్లు. మౌనికకు పదహారేండ్లు, చూస్తే పన్నెండేండ్ల పిల్లలాగే ఉండేది. ఆమె తన ఫోనును సమ్మమ్మ టిఫిన్ డబ్బాకు ఆనించి నిలబెట్టి, జపాను బొమ్మల కథ పెట్టేది. వాళ్ల మాట ఎవరికీ రాదు. తెర అడుగున వచ్చే ఇంగ్లీషు అక్షరాలు చదివి మౌనిక తెలుగులో చెప్పేది.

ఆ కథలో ఒక ఊరున్నది. ఆ ఊళ్లో చీకటి మనుషులను తినేది. వెండిజుట్టు పిల్ల ఒకతె కత్తి పట్టుకొని ఆ చీకటితో కొట్లాడేది. ఆమె కాలికి చిన్న చిన్న గంటల పట్టీ ఉండేది. ఒక్కో కొట్లాటకు ఒక్కో గంట మూగబోయేది.

"గా పిల్లకు అవ్వయ్యలు లేరా? గింత పొట్టి లంగా ఏసి కొట్లాటకు తోలిండ్లేంది?" అని అడిగింది సమ్మమ్మ మొదటి రోజు.

"అది మ్యాజిక్ డ్రెస్ అవ్వా. తిరుగుకుంట మారుతది చూడు."

"తిరిగితే తిరిగింది. ఇంకో రెండు మూరల బట్ట తెచ్చుకుంటే ఏం పాయె?"

పిల్లలు నవ్వు ఆపుకోలేక సూదులు పెట్టిన చేతులు పట్టుకున్నారు.

సమ్మమ్మకు ఊ కొట్టే అలవాటు. వయసులో ఉన్నప్పుడు పత్తిచేన్లలో కలుపు తీసేటప్పుడు బక్కమ్మ అనే ముసలామె కథ ఎత్తుకుంటే, వరుసలో పక్కన కూర్చొని ఊ కొట్టే పని సమ్మమ్మది. ఎవరో ఒకరు ఊ అంటుంటేనే కథ ముందుకు నడిచేది. ఆ అలవాటు కొద్దీ ఇక్కడ కూడా మౌనిక చెప్పే ప్రతి మాటకూ ఊ అనేది. ఒకసారి చాయ వంచుకుంటూ అనడం మరిచిపోయింది. తెర మీద వెండిజుట్టు పిల్ల కత్తి ఎత్తినది ఎత్తినట్టే ఆగింది. ఆమె జుట్టు గాలికి ఊగుతూనే ఉన్నది, వెనక మబ్బులు కదులుతూనే ఉన్నాయి. నల్లటి రాక్షసుడు కూడా పంజా ఎత్తి, మర్యాదగా నిలబడ్డాడు. పిల్ల కన్నార్పి సమ్మమ్మ దిక్కు చూసింది.

"నెట్టు పోయిందా?" అన్నది శ్రావణి అనే చిన్నపిల్ల.

"నెట్టు కాదే. అవ్వ ఊ అంటలేదు," అన్నది మౌనిక.

సమ్మమ్మ ఊ అన్నది. కత్తి దిగింది.

ఆ తర్వాత దాని గురించి ఎవరూ పెద్దగా అనుకోలేదు. ఆమె బాత్రూముకు పోయే వేళ, ముద్ద నోట్లో ఉన్న వేళ కాకుండా చూసుకొని కథ పెట్టుకునేవాళ్లు. "అవ్వా, జర జల్ది ఊ అను, నువ్వు అనకపోతే వీళ్లు సూదులు గుంజుకునేటట్టున్నరు," అని స్నేహలత మందుల ట్రే పట్టుకొని పోతూ పోతూ అరిచేది. ఆమె ఊతో మొదలైన కథ ఆ గది పిల్లలు ఏ ఫోన్లో పెట్టుకున్నా ఆమె ఊతోనే నడిచేది, బయటివాళ్లకు మాత్రం మామూలుగానే నడిచేది. మౌనిక ఇంటికాడ ఎన్నిసార్లు పెట్టి చూసినా, వెండిజుట్టు పిల్ల వదిలిన చోటనే నిలబడి ఉండేది.

ఎక్కే రక్తంతో పాటు ఇనుము కూడా ఎక్కుతుంది. మాత్రలు వేసినా కొంత ఒంట్లోనే మిగిలిపోతుంది. మౌనికకు అది గుండె మీద పేరుకున్నది. ఎండాకాలం వచ్చేసరికి పిల్ల పాదాలు ఉబ్బినాయి. చెప్పులు పట్టక తల్లి కృపమ్మ ఆటో దగ్గరి నుంచి ఎత్తుకొనే తెచ్చేది. కృపమ్మ కాజీపేటలో బట్టలు కుట్టేది. బిడ్డ నైటీల చేతులకు తానే గుండీలు పెట్టి కుట్టింది, సూది పెట్టడానికి వీలుగా.

"రెండేండ్ల సంది చూస్తాన్నం అవ్వా," అన్నది మౌనిక ఆ గురువారం. పడుకొనే మాట్లాడుతున్నది. "ఇయ్యాల ఆఖరు భాగం. మంచిగ గొంతు సవరించుకో."

కథ మొదలైంది. వెండిజుట్టు పిల్ల కాలికి ఒక్క గంటే మోగుతున్నది. ఆమె ఒక ఎత్తైన మిద్దె మీదికి వచ్చింది. ఎదురుగా ఆకాశంలోకి మెట్లు లేచినాయి, మెట్ల చివర నల్లటి చీకటి.

"నాకెరికే, నాకెరికే!" అని శ్రావణి అరిచింది. "మా అన్న చూసిండు. ఆమె మెట్లెక్కి పోయి దీపమైపోతది. ఊరంతా బతుకుతది, ఆమె మళ్ల రాదు."

"నోర్ముయ్యవే!" అని నవ్య ఆమె జడ గుంజింది.

సమ్మమ్మ ఊ అనలేదు.

వెండిజుట్టు పిల్ల మొదటి మెట్టు ముందు ఆగిపోయింది. గాలి వీస్తున్నది.

"అవ్వా," అన్నది మౌనిక.

"నేననను."

"అది బొమ్మ, అవ్వా."

"బొమ్మైతే నేను ఊ అనేదాక ఎందుకు నిలబడ్డది?"

మౌనిక కాసేపు ఊపిరి కూడగట్టుకొని, "నాకు ఆఖరు చూడాలనున్నది. మళ్లసారి వస్తనో రానో," అన్నది. ఊరికే, బస్సు దొరుకుతుందో లేదో అన్నట్టు అన్నది. గోడ దిక్కు తిరిగి దుప్పటి మడుస్తున్న కృపమ్మ చేతులు ఆగినాయి.

సమ్మమ్మకు అప్పుడు బక్కమ్మ గుర్తొచ్చింది. పొద్దు వాలే వేళకు బక్కమ్మ కథను సరిగ్గా చిక్కుముడి దగ్గర ఆపేది. రాజు కొడుకు బావిలో ఉండగానే కొంగు దులుపుకొని లేచేది. "మిగిలింది రేపు," అనేది. మర్నాడు ఒక్క మనిషి కూడా పనికి ఎగ్గొట్టేది కాదు. ఒళ్లు కాలిపోతున్న మనిషి కూడా, ఆ రాజు కొడుకు ఏమయ్యాడోనని తలకు గుడ్డ కట్టుకొని వచ్చేది. కథ సగంలో ఉన్న మనిషి ఎక్కడికీ పోదు. ఇది సమ్మమ్మ చేన్ల పొంట కళ్లారా చూసిన సంగతి.

"వస్తవ్," అన్నది సమ్మమ్మ. "ఎందుకు రావు? మళ్లసారి చూద్దాం బిడ్డా. తొందరేమున్నది?"

"మోసం జేస్తాన్నవ్ అవ్వా."

"చేస్తాన్న. ఏం జేస్తవ్ చెయ్యి."

మౌనిక నవ్వింది. సాయంత్రం దాకా మళ్లీ మళ్లీ అడిగింది. అలిగింది. చాయ ఇస్తే తాగనన్నది. సమ్మమ్మ పెదవి విప్పలేదు. పోయేటప్పుడు తల్లి భుజం మీది నుంచి వేలు చూపించి, "మళ్లసారి ఊ అనలేదనుకో, నీ టిఫిన్ డబ్బ దాచిపెడ్త," అన్నది. సమ్మమ్మ బస్సులో కూర్చొని, ఈ పిల్లను మూడు వారాల దాకా కట్టేసిన అనుకొని, కొంగుతో మొహం తుడుచుకున్నది.

మూడు వారాల తర్వాత పోయేసరికి మౌనిక మంచం మీద కొత్త దుప్పటి పరిచి ఉన్నది. స్నేహలత నవ్య చెయ్యి పట్టుకొని నరం వెతుకుతూ, తల ఎత్తకుండానే చెప్పింది.

"పోయిన ఆదివారం, అవ్వా. చర్చికి పోతమని తయారైండ్లట. జడ వేస్తాంటెనే పోయింది."

సమ్మమ్మ టిఫిన్ డబ్బా ఒళ్లో పెట్టుకొని సాయంత్రం దాకా అట్లాగే కూర్చున్నది. ఆ రోజు పిల్లలెవరూ బొమ్మల కథ అడగలేదు. ఇంటికి పోయినాక కోడలు ఏదన్నా చెప్తే ఊ అనబోయి ఆగిపోయేది.

"నాయినమ్మా, నువ్వు ఊ అన్నా అక్క సచ్చిపోయేదే," అన్నది నవ్య ఒకనాడు, అన్నం పళ్లెం ముందు.

"ఎరికే బిడ్డా," అన్నది సమ్మమ్మ. "చూసి పోయేది గదా."

వానలు పడినాక ఒక గురువారం మధ్యాహ్నం కృపమ్మ ఆ గదిలోకి వచ్చింది. చేతిలో మౌనిక ఫోను, దానికి ఛార్జర్ తీగ వేలాడుతున్నది. ఎవరినీ పలకరించకుండా వచ్చి సమ్మమ్మ పక్కన కూర్చొని, తీగను గోడకు గుచ్చి, ఫోను ఆమె ఒళ్లో పెట్టింది.

మిద్దె మీద గాలి వీస్తున్నది. మెట్ల ముందు వెండిజుట్టు పిల్ల నిలబడి ఉన్నది. ఆమె పక్కన, చేతులకు గుండీలున్న నైటీ వేసుకొని, ఒక జడ అల్లి ఒక జడ వదిలేసిన జుట్టుతో మౌనిక నిలబడి ఉన్నది. చేతి మీద తెల్లటి ప్లాస్టరు అట్లాగే ఉన్నది.

నవ్య వంగి చూసింది. "అక్క సన్నబడ్డది," అన్నది.

"మట్టి చేసి వచ్చిన రోజే కనబడ్డది పెద్దమ్మా," అన్నది కృపమ్మ. "మొదట్ల మస్తు సంబురపడ్డ. పొద్దున లేచి చూస్త, ఉన్నది. మిషను మీద పెట్టుకొని కుట్టుకుంట చూస్త, ఉన్నది. ఏ తల్లికి దొరుకుతది గింత అదృష్టం? అన్నం కూడ ఆమెను చూసుకుంటనే తిన్న."

"మంచిదే గద బిడ్డా. ఉండనియ్యి."

"కాళ్లు చూడు."

సమ్మమ్మ ఫోను కళ్ల దగ్గరికి తెచ్చుకున్నది. ఉబ్బిన పాదాలు. మౌనిక ఒక కాలు మీది బరువు ఇంకో కాలి మీదికి మార్చింది. కాసేపటికి మళ్లీ మార్చింది.

"ఆడ కూసోను జాగ లేదు," అన్నది కృపమ్మ. "పండను లేదు. నువ్వు ఊ అనేదాక నిలబడే ఉంటది. సలిగాలి. ఒక చున్నీ అన్న లేదు దాని మీద. ఆ పిల్ల కూడ అలిసిపోయింది, ఒకల మీద ఒకలు ఒరుగుతాండ్లు. నేను సూసుకోవాలని దాన్ని నిలబెట్టాల్నా?"

"ఊ అంటే పోతది, కృపమ్మా. మళ్ల కనబడది."

"ఎరికే."

"ఇంకో నాలుగు దినాలు చూసుకో. తొందరేమున్నది?"

కృపమ్మ ఆమె మొహంలోకి చూసింది. "మొదటి సంది నువ్వు అనేది గా మాటే గదా, పెద్దమ్మా," అన్నది. ఆమె గొంతులో కోపం లేదు.

సమ్మమ్మ మంచినీళ్లు అడిగింది. స్నేహలత నీళ్లు తెచ్చి ఇచ్చింది. పిల్లలు కర్రలు నెట్టుకొని ఒక్కొక్కరే దగ్గరికి వచ్చినారు. గదిలో సంచుల నుంచి రక్తం చుక్క చుక్కగా దిగుతున్నది.

"ఊ," అన్నది సమ్మమ్మ.

మౌనిక తల ఎత్తింది. తెర లోపలి నుంచి సూటిగా ఆమె దిక్కే చూసింది.

"ఇంత సేపా, అవ్వా?" అన్నది. "కాళ్లు గుంజుతాన్నయి."

అంతే, వెనక్కి తిరిగింది. వెండిజుట్టు పిల్ల చెయ్యి చాపింది. మౌనిక ఆ చెయ్యి పట్టుకొని, నైటీ అంచు ఎత్తి పట్టుకొని, మొదటి మెట్టు మీద కాలు పెట్టింది.

"మా అన్న ఫోన్ల ఒక్కతే పోయింది," అన్నది శ్రావణి మెల్లగా. "ఏడ్సుకుంట పోయింది."

ఇక్కడ వెండిజుట్టు పిల్ల ఏడవడం లేదు. మౌనిక ఆమె చెవిలో ఏదో చెప్తుంటే వింటున్నది.

ఒక్కో మెట్టుకూ సమ్మమ్మ ఊ అనాలి. అన్నది. సగం మెట్లు ఎక్కినాక ఆమె గొంతు పూర్తిగా పూడిపోయింది. ఇద్దరు పిల్లలూ మెట్టు మీద కాలెత్తి ఆగినారు. అప్పుడు కృపమ్మ ఫోను మీదికి వంగింది. కళ్ల నిండా నీళ్లు, ఆమెకు తెర అలుక్కుపోయి కనబడుతున్నది.

"నాకు కనబడ్తలేదు, నవ్యా. నువ్వు చెప్పు," అన్నది. "ఊ నేనంట."

నవ్య సూది లేని చేత్తో ఫోను పట్టుకున్నది.

"అక్క ఎక్కుతాంది."

"ఊ," అన్నది కృపమ్మ. మెట్టు దాటింది.

"కాళ్ల వాపు తగ్గింది, అత్తా. జల్ది జల్ది ఎక్కుతాంది."

"ఊ."

"గంట మోగుతాంది. ఇద్దరూ నవ్వుతాండ్లు."

"ఊ."

"ఆఖరి మెట్టు."

కృపమ్మ వెంటనే అనలేదు. గదిలో ఎవరూ ఆమెను తొందర పెట్టలేదు. మిద్దె మీది గాలికి రెండు జుట్లు, ఒకటి వెండిది, ఒకటి సగం జడది, కలిసి ఊగుతున్నాయి. ఆమె చీర చెంగుతో ముక్కు తుడుచుకొని, బిడ్డ బడికి పోతున్నప్పుడు గుమ్మంలో నిలబడి సరే పో అన్నట్టు, ఊ అన్నది.

తెర తెల్లగా వెలిగింది. ఆ వెలుగు పిల్లల మొహాల మీద, రక్తం సంచుల మీద పడి కాసేపు నిలిచింది. తర్వాత జపాను అక్షరాలు ఒక్కొక్క వరుసగా పైకి పోవడం మొదలైంది.

"అయిపోయిందా?" అని అడిగింది కృపమ్మ.

నవ్య ఊ అనలేదు.