తొంభై ఎనిమిదో ఫారం

రక్తదానం చేసిన శ్రావణ్ కుర్చీలోంచి లేచి నాలుగడుగులు వేశాడో లేదో, గోడ పట్టుకోబోయి పట్టు దొరక్క నేలమీద కూలిపోయాడు. చేతిలోని బిస్కెట్ పొట్లం ఒకవైపు, జ్యూస్ డబ్బా ఒకవైపు దొర్లాయి. రిజిస్ట్రేషన్ బల్ల దగ్గర కూర్చున్న రచన దిగ్గున లేచింది. ఆమె పరిగెత్తుకు వచ్చేసరికే ఇద్దరు అతణ్ణి బెంచీమీద పడుకోబెట్టి కాళ్లకింద దిండు పెట్టారు.

"ఎండ దెబ్బ. పొద్దున ఏం తిన్నడో, ఏమో" అన్నాడు సమితి అధ్యక్షుడు కిషన్ రావు, జేబురుమాలుతో మెడ తుడుచుకుంటూ. "పరేషాన్ కాకుండ్రి. రచనా, నువ్వు బల్లకాడికి పో బిడ్డా. లైన్ ఆగొద్దు."

ఎండ దెబ్బ కాదని రచనకు తెలుసు. ఇందాక శ్రావణ్ ఫారం నింపింది తనే. చివరిసారి రక్తం ఎప్పుడు ఇచ్చారన్న గడి దగ్గర ఆమె చెయ్యి ఆగితే, వెనక నిలబడ్డ కిషన్ రావు "ఎన్నడు ఇయ్యలేదని రాయి" అన్నాడు. రాసేసింది. నిజానికి శ్రావణ్ రక్తం ఇచ్చి పన్నెండు రోజులే అయింది. సమితి హాస్టల్లో వంటచేసే కురుమమ్మ భర్త ఈరన్నను కాచిగూడ దగ్గర లారీ గుద్దితే, హాస్టల్ పిల్లలు ఆరుగురు ఎవరూ చెప్పకుండానే ఆస్పత్రికి వెళ్లి ఇచ్చి వచ్చారు. అక్కడ ఫోటో తీసినవాడు లేడు, శాలువా కప్పినవాడు లేడు. కాబట్టి సమితి పెద్దల దృష్టిలో అది జరగనే లేదు.

ఇవాళ మాత్రం చిక్కడపల్లిలోని ఈ ఫంక్షన్ హాలు నిండా బ్యానర్లే. జిల్లానుంచి పట్నం వచ్చి స్థిరపడ్డవాళ్లు పెట్టుకున్న జిల్లా యువసేవా సమితి వార్షికోత్సవం. 'మన జిల్లా, మన మనుషులు, వందమంది యువత రక్తదానం' అని వారం ముందే అచ్చు వేయించారు. వందమంది దొరికాక వేయిద్దామన్న ఆలోచన ఏ పెద్దమనిషికీ తట్టలేదు. మధ్యాహ్నం ఒంటిగంటకు లెక్క తొంభై ఏడు దగ్గర ఆగింది. లైనులో మిగిలింది కిషన్ రావు పట్టుకొచ్చిన హాస్టల్ పిల్లలు కొందరే. ముఖ్య అతిథి కారు హైదర్‌గూడ దాటిందని ఫోనొచ్చింది.

అశోక్‌నగర్‌లో సమితికి రెండు హాస్టళ్లున్నాయి, ఆడపిల్లలకొకటి, మగపిల్లలకొకటి. బయట ఒక్క మంచానికి నెలకు రెండున్నర వేలు గుంజుతుంటే ఇక్కడ తొమ్మిది వందలే. అందుకు బదులుగా సమితి ఏ సభ పెట్టినా పిల్లలు వచ్చి సేవ చెయ్యాలి. సేవా హాజరు తగ్గినవాళ్లకు జూన్‌లో మంచం ఉండదు. జనగామలో మూటలు మోసే రాజేశం కూతురు రచనకు రెండున్నర వేలు ఎక్కడినుంచి వస్తాయి? గ్రూప్-2 పరీక్ష రెండు నెలల్లోకి వచ్చింది.

డబ్బొక్కటే అయితే రచనకు ఇంత బాధ ఉండేది కాదు. రెండేళ్ల కింద ఆమె బిక్కుబిక్కుమంటూ హాస్టల్ గేటు దగ్గర దిగినప్పుడు, ఈ కిషన్ రావే ఆమె ట్రంకుపెట్టె రెండంతస్తులు మోశాడు. "మనోళ్లం ఉండంగ నీకేం ఫికర్ బిడ్డా?" అన్నాడు. ఆ మాటకు ఆమె ఆ రోజు కళ్లనీళ్లు పెట్టుకుంది. అలాంటి మనిషికి ఎదురు చెప్పడమెలా?

కిషన్ రావు తన్మయిని భుజం పట్టి తీసుకొచ్చి బల్ల ముందు నిలబెట్టాడు. తన్మయి రచన గదిలోనే ఉంటుంది. పిడికెడంత పిల్ల.

"ఇగో, తొంభై ఎనిమిది. జల్ది రాయి."

"సార్, తన్మయి కూడ మొన్ననే ఈరన్నకిచ్చింది."

"నాకెర్క. అది మన సమితి లెక్కల రాదు గద."

"లెక్కల రాకపోయినా ఒంట్లకెళ్లి పోయింది గద సార్!"

ఆ మాట అనేశాక రచనే ఉలిక్కిపడింది. కిషన్ రావు ముఖం మాడ్చుకోలేదు. కుర్చీ లాక్కుని కూర్చుని గొంతు తగ్గించాడు.

"నేను పట్నమొచ్చినప్పుడు నారాయణగూడల దుకాణం మెట్లమీద పండుకున్న. నా తిప్పలు మీకు రావద్దనే గదా ఇదంత. ఒక్కదినం నా ఇజ్జత్ కాపాడుండ్రి."

అబద్ధం కాదు, ఆ మెట్లమీద ఆయన పడుకున్న మాట నిజమే. అందుకే వినడం మరీ కష్టమైంది.

"రాయక్కా, ఏంగాదు" అంది తన్మయి మెల్లగా. "నాకు మంచం గావాలె."

రచన తలెత్తి ఆ పిల్లను చూసింది. సమితి మీద ఇన్నాళ్లూ పెట్టుకున్న ప్రేమంతా ఒక్కసారిగా కోపంగా మారింది. కలం తీసి తన్మయి ఫారం గడిలో, ఈరన్నకు రక్తమిచ్చిన తేదీ 8-5-2012 అని రాసింది. పక్కనే ఉన్న కట్టలోంచి శ్రావణ్ ఫారం లాగి, తన అబద్ధాన్ని కొట్టేసి అక్కడా అదే తేదీ వేసింది. కిషన్ రావు చెయ్యి చాచాడు. ఆమె ఆ చేతిని దాటుకుని, రెండు కాగితాలూ బ్లడ్ బ్యాంకు డాక్టరు నాగశ్రీ ముందు పెట్టింది.

నాగశ్రీ చదివి సూది పక్కన పెట్టేసింది.

"పన్నెండు రోజులా? మూడు నెలలు ఆగాలండీ! ఆ పడిపోయిన అబ్బాయి కూడానా? ఎవరమ్మా రాసింది?"

"నేనే మేడమ్. తప్పు రాసిన."

"ఇంకెవరైనా ఉన్నారా ఇలాంటివాళ్లు?" డాక్టరు లైనుకేసి గట్టిగా అడిగింది. ఒక్కరూ తలెత్తలేదు.

కిషన్ రావు లేచి రచన పక్కకు వచ్చాడు. "జూన్ల సామాన్ ఏడ వెట్టుకుంటవో చూసుకో" అన్నాడు, ఆమెకు మాత్రమే వినపడేలా. గేటు దగ్గర ముఖ్య అతిథికోసం బ్యాండు మోగింది.

రచన బల్ల దగ్గరకు వచ్చి కూర్చుంది. కొత్త ఫారం తీసింది. లైనులో తర్వాత ఉన్నది హర్ష, ఈరన్నకు రక్తమిచ్చిన ఆరుగురిలో ఒకడు.

"చివరిసారి ఎప్పుడిచ్చినవ్ హర్షా? నిజం చెప్పు."

హర్ష కిషన్ రావు వైపు చూశాడు. బెంచీమీద కళ్లు మూసుకుని ఉన్న శ్రావణ్ వైపు చూశాడు. రచన తొందరపెట్టలేదు. అతను నోరు విప్పేదాకా ఒక్క అక్షరం కూడా రాయదలచుకోలేదు.