బాలింత కుప్పయ్య

గంగులమ్మకు నొప్పులు మొదలైన సాయంకాలం ఆమె మొగుడు కుప్పయ్యకు చిక్కొచ్చి పడింది. పోలీసు స్టేషనుకు పోవాలా, చాప మీద పడుకోవాలా?

స్టేషనుకు పోకుంటే జైలు. ఎరుకల కులంలో పుట్టిన మగవాడు దొంగ కిందే లెక్కని తెల్లదొరల చట్టం. కుప్పయ్య వెదురు తట్టలు అల్లి తిరుచానూరులో పూలమ్మేవాళ్లకు ఇస్తుంటాడు. ఒకరి కోడిపెట్టను తాకి ఎరగడు. అయినా రోజూ పొద్దు గుంకేలోగా స్టేషన్లో హాజరు వేయించుకోవాల్సిందే.

చాప మీద పడుకోకుంటే బిడ్డకు కీడు. పెళ్లానికి నొప్పులు రాగానే మొగుడు ఆమె చీర కట్టి, బొట్టు పెట్టుకుని, ముసుగేసుకుని పడుకోవాలి. పుట్టిన బిడ్డను కడిగి ముందు అతని పక్కనే పడుకోబెడతారు. తెల్లారేదాకా అతను లేవకూడదు, నోరు విప్పకూడదు. బిడ్డకు రావలసిన కీడును తండ్రి తన మీదికి తీసుకోవడమన్న మాట. తొలి కానుపులో కుప్పయ్య మధ్యలో లేచి హాజరుకు పరుగెత్తాడు. ఆ బిడ్డ దక్కలేదు.

"ఈసారి లేస్తే నా మొగం చూడొద్దు మామా," అంది గంగులమ్మ పళ్లు బిగబట్టి.

కుప్పయ్య చీర అందుకున్నాడు. అతను కుచ్చిళ్లు పెట్టుకున్న తీరు చూసి ఆమెకు అంత నొప్పిలోనూ నవ్వొచ్చింది.

ఇంకా వెలుగుండగానే ఆడపిల్ల పుట్టింది. ఆడపిల్లకు హాజరు ఉండదని గంగులమ్మ కోరుకున్నది అదే. మంత్రసాని అక్కమ్మ బిడ్డను కుప్పయ్య పక్కన పడుకోబెట్టి, మాయ పాతిపెట్టడానికి గుడిసె వెనక్కి పోయింది. తడిక అవతల గంగులమ్మ సొమ్మసిల్లి నిద్రపోయింది.

అప్పుడొచ్చాడు హెడ్డు కానిస్టేబులు ఆదిమూలం, పొద్దు గుంకబోతున్నా కుప్పయ్య హాజరుకు ఇంకా ఎందుకు రాలేదో కనుక్కుందామని. వంగి లోపలికి చూశాడు. గుడిసెలోని మసక చీకట్లో ఒక చీర, ఒక బొట్టు, పక్కన పసిగుడ్డు. అరవబోయినవాడు ఆగిపోయాడు. మెల్లగా లోపలికొచ్చి చాప పక్కన కూర్చున్నాడు.

"నా బిడ్డ మునిలక్ష్మి కూడా పోయినేడు ఇట్లే పండుకోనింది తల్లీ," అన్నాడు. "లేయలేదు. నువ్వు లెయ్యాల."

జేబులోంచి బెల్లంముక్క తీసి ముసుగులోంచి బయటపడి ఉన్న చేతిలో పెట్టాడు. అరచేతిలో వెదురుకత్తి కోసిన గాయం పచ్చిగా ఉంది. ఈ చేత్తో కొన్నాళ్లు తట్టలు అల్లొద్దని చెప్పి, కళ్లు తుడుచుకుని వెళ్లిపోయాడు. స్టేషనుకు పోయి కుప్పయ్య ఇంట్లో లేడని రాసేశాడు.

సరిగ్గా అదే వేళకు గంగాధరం నాయుడి సత్రంలో యాత్రికుల వెండి పళ్లేలు పోయాయి. హాజరు తప్పిన ఎరుకలవాడు ఒకడున్నాడు. పోలీసులకు ఇంకేం కావాలి? తెల్లారి కుప్పయ్య చీర విప్పీ విప్పకముందే సంకెళ్లు పడ్డాయి. బెల్లం మాత్రం అప్పటికే గంగులమ్మ నోట్లో పెట్టి, హెడ్డు వచ్చి అన్న మాటలు చెప్పాడు.

కేసు తిరుపతి కోర్టుకొచ్చింది. ముందు రోజు లాకప్పు దగ్గర గంగులమ్మ మొగుడికి చెప్పిచూసింది. హెడ్డు తన కూతురి గురించి అన్న మాటలు కోర్టులో అనెయ్, ఆయనకు అడ్డం తిరగడానికి దారుండదని. కుప్పయ్య ఒప్పుకోలేదు. బాలింత అనుకుని చెప్పుకున్న దుఃఖం అది. తన నోట పదిమందిలో పడకూడదన్నాడు.

ఆదిమూలం బోనెక్కి, ఇంట్లో బాలింత తప్ప మగవాడు లేడని చెప్పాడు. ఆ బాలింతను నేనేనని కుప్పయ్య అంటే కోర్టంతా గొల్లున నవ్వింది. అక్కమ్మా, గంగులమ్మా అదే చెప్పారు. వాళ్లూ ఎరుకలవాళ్లేనని మేజిస్ట్రేటు ఆ మాటలు పక్కన పెట్టేశాడు. రెండేళ్ల జైలు ఖాయమని అందరికీ తెలుసు. బిడ్డను ఎత్తుకుని గంగులమ్మ మొగుడి మొహంలోకే చూస్తోంది.

కుప్పయ్య అరచెయ్యి చాపాడు. గాయం మాని ఏటవాలు గీతగా మిగిలింది.

"ఈ చేతిలో మీరు బెల్లం పెట్టినారు సామీ. గాయం చూసినారు."

ఇంకేమన్నాడని మేజిస్ట్రేటు అడిగాడు.

"అది ఆయన మాట దొరా. నాది గాదు."

ఆదిమూలం ఆ చెయ్యి చూశాడు. పాపం, ఆడమనిషి చెయ్యి ఇంత మొరటుగా ఉందే అని ఆనాడు అనుకున్న సంగతి గుర్తొచ్చింది. గంగులమ్మ చేతుల మీదికి చూపు తిప్పాడు. వాటి మీద గీత లేదు. కాదంటే అడిగేవాడు లేడు. అవునంటే మగవాణ్ణి బాలింత అనుకున్న హెడ్డని తాలూకా అంతా నవ్వుతుంది.

"చెయ్యి ఇదే దొరా," అన్నాడు చివరికి. తర్వాత మునిలక్ష్మి సంగతి తనే చెప్పాడు. ఈసారి ఎవరూ నవ్వలేదు.

దొంగతనం కేసు పోయింది. అయినా హాజరు తప్పిన నేరం ఉందని ఇన్స్పెక్టరు లేచాడు.

"తప్పలేదు," అన్నాడు ఆదిమూలం. "పొద్దు గుంకకముందే ఇంటికాడ ఈ మనిషిని నేను చూసినాను. గుర్తు పట్టకపోయింది నా తప్పు."

తర్వాత పళ్లేలు గంగాధరం నాయుడి బావమరిది పెట్టెలో దొరికాయి. ఆ సంగతి ఇంట్లోనే సర్దుకున్నారు. అతన్ని మాత్రం ఎవరూ హాజరుకు పిలవలేదు.

విడుదలైన సాయంకాలం కుప్పయ్య మళ్లీ స్టేషనుకు పోయాడు. పోక తప్పదు. ఆదిమూలం హాజరు వేసి, బెల్లంముక్క చేతిలో పెట్టి, ఈసారన్నా అసలు బాలింతకు ఇమ్మన్నాడు.

"పోయినసారిదీ ఆయమ్మే తినింది సామీ," అన్నాడు కుప్పయ్య. "ఈ తూరి సగం నాకు. నేనూ పండుకోనుంటిని గదా."