బోర్డు మీద లేని పనులు

పొద్దున తొమ్మిదింటికి ఆ బట్టల ఎగుమతి కంపెనీ మేడ మీది ఆఫీసులో ఫ్యాన్లు తిరగడం మొదలవగానే అందరూ ఫోన్లలో బోర్డు తెరిచేవారు. బోర్డంటే గోడకి కొట్టినది కాదు, యాప్. అందులో మూడు గడులు: చేయాల్సినవి, చేస్తున్నవి, అయిపోయినవి. ప్రతి పనికీ ఒక చీటీ, చీటీ మీద దాన్ని ఎత్తుకున్నవాళ్ల పేరు. నూలు దిగిందా, అద్దకం వాళ్లు రంగు నమూనా ముక్క పంపారా, బొమ్మ అచ్చు ఆరిందా, అట్టపెట్టెలు వచ్చాయా అని ఒకప్పుడు ఊరంతా బండి మీద తిరిగి కనుక్కునేవారు. ఇప్పుడు అద్దకం కొట్టులో ఒకడు వేలితో చీటీని పక్క గడిలోకి జరిపితే చాలు, తిరుప్పూరులో ఆ సరుకుతో సంబంధమున్న ప్రతివాడికీ తెలిసిపోతుంది. అబద్ధాలాడి తప్పించుకునేవాళ్లకి అందులో చోటు లేదు. నేను మెచ్చుకునేది ముందుగా అదే.

ఆ ఆఫీసులో ఎవరి మీద ఎంత పని ఉంటే వాళ్లు అంత బరువు తూగేవారు. తగినంత పని ఉన్నవాళ్ల చెప్పులు నేలకి ఆని ఉండేవి. తక్కువైతే మడమలు లేచేవి. ఎక్కువైతే కాళ్ల కింద నేల మెత్తబడి పాదాలు దిగేవి. మేస్త్రీ వారానికోసారి వచ్చి కుంగిన టైల్స్ మార్చి, టీ తాగి వెళ్లేవాడు.

అందరికంటే లోతుకి దిగేది లోకనాయకి. చేరినప్పటినుంచీ ఆర్డర్లన్నీ ఆమె చేతి మీదుగానే పోయేవి. ఎవరేమడిగినా "లోకనాయకినడుగు" అనడం అక్కడ అలవాటు. ఆ మాట చెవిన పడితే ఆమె ముఖం వెలిగేది. క్రిస్మస్ సరుకు ఓడెక్కగానే కంపెనీకి ఒక మేనేజరుని వేస్తానని యజమాని మరుదాచలం చెప్పాడు. అద్దాల గది కూడా కట్టించాడు. ఆ గది ఎవరిదో ఎవరూ అడగలేదు. లోకనాయకి మాత్రం అందులో కుర్చీ ఎటువైపు వేయాలో కూడా మనసులో అనుకుని పెట్టుకుంది.

అందరికంటే పైన ఉండేది రెజీనా. తూత్తుకుడి అమ్మాయి. ఇదివరకు పనిచేసిన కంపెనీ మూతపడితే ఇక్కడికొచ్చింది. ఆమెకి పని నేర్పి అప్పజెప్పమని మరుదాచలం చెబితే లోకనాయకి, "నేర్పే టైములో నేనే చేసేస్తానన్నా" అని ఊరుకుంది. అందువల్ల రెజీనా సీలింగు దగ్గర తేలుతూ ఉండేది. ఫ్యాను రెక్కలకి తగలకుండా నడుముకి, బనియన్ల మెడకి కుట్టే పట్టీ రిబ్బను కట్టి, రెండో కొస బల్ల కాలికి ముడేశారు. మధ్యాహ్నం డబ్బా తాడుతో పైకి లాక్కుని తినేది.

"పైన గాలి బాగా ఆడుతోందా రెజీనా?" అనేవాడు తిరుమూర్తి. అద్దకం, అచ్చు పనులు చూసేవాడు అతనే.

"మీ బట్టతల బాగా కనిపిస్తోందన్నా," అనేది ఆమె. నవ్వేదే గాని, నవ్వయ్యాక ముఖం గోడకేసి తిప్పుకునేది. పనికొచ్చి పని లేకుండా జీతం తీసుకోవడం మానమున్న మనిషికి ఎంత కష్టమో పడ్డవాళ్లకే తెలుసు.

మరుదాచలం కుట్టుమిషను తొక్కి పైకొచ్చిన మనిషి. అందుకే అతన్ని అందరూ అన్నా అంటారు. అతనికి ఒకటే నియమం. "నోటితో అప్పజెప్పింది పని కాదు. బోర్డు మీద పెట్టండి." అందరూ పెట్టేవారు. లోకనాయకి కూడా పెట్టేది, కొన్ని. మిగతావి తలలో ఉంచుకునేది. విదేశం నుంచి సరుకు కొనే బయ్యరు ఫోన్లో చెప్పిన మార్పులు, అద్దకం వాళ్లతో నోటిమాటగా కుదుర్చుకున్న తేదీలు, ఎవరికి ఏ మాట చెబితే కదులుతారో ఆ గుట్లు. ధాన్యం దాచేవాణ్ణి తిట్టడానికి మన పెద్దలు చాలా మాటలు కనిపెట్టారు. పనిని దాచేవాళ్లకి ఒక్కటీ కనిపెట్టలేదు. అలాంటి దొంగతనం కూడా ఒకటి పుడుతుందని వాళ్లెరగరు.

కింద ప్యాకింగు హాలు. అక్కడి ఆడవాళ్లకి లోకనాయకి పాదాలు బాగా పరిచయం. పదకొండింటికల్లా సీలింగులోంచి మొదట మడమలు, తర్వాత మెట్టెలు బయటికొచ్చేవి. వాళ్లలో పెద్దది కరుప్పాత్తాళ్. పాదాలు దిగగానే ముక్కాలి పీట ఎక్కి, చీర కుచ్చిళ్లు చీలమండల దగ్గర దగ్గరికి లాగి గుడ్డపట్టీతో కట్టేది, పెట్టెలు మోసే మగవాళ్లు తిరిగే చోటని.

"ఇవాళ పిక్కలు కూడా వచ్చేశాయే," అనేది పక్కామె.

"క్రిస్మస్ కదా. ఆ దొరల పండగ అయ్యేదాకా ఈ పిల్ల మన నెత్తినే."

సాయంత్రానికి కొన్ని పనులు తీరి, అందరూ చేతులు పట్టి లాగితే లోకనాయకి పైకొచ్చేది. అందరూ వెళ్లాక లైట్లు తనే ఆర్పి వెళ్లేది.

ఆ గురువారం మధ్యాహ్నం అలా జరగలేదు. అన్నం తిని కూర్చున్న కాసేపటికే ఆమె కుర్చీతో సహా కుంగింది. కుర్చీ లాగేశారు. ఆమె మోకాళ్లు దాటి, తొడలు దాటి, నడుము దాకా దిగిపోయింది. తిరుమూర్తి, ఇంకో ఇద్దరూ చంకల కింద చేతులేసి లాగారు. కదల్లేదు. కింద సీలింగు సున్నం పెళ్లలు రాలుతుంటే ఆడవాళ్లు అరిచారు.

మరుదాచలం మెట్లెక్కి వచ్చాడు. "బోర్డు చూడు. ఆమె పేరున ఎన్నున్నాయి?"

"నాలుగే అన్నా," అన్నాడు తిరుమూర్తి.

"నాలుగూ నా పేరుకి మార్చు."

మార్చారు. మరుదాచలం చెప్పులు నేలకి కాస్త గట్టిగా ఆనాయి. లోకనాయకి ఒక్క వేలెడు కూడా లేవలేదు.

అతను ఆమె పక్కన నేల మీదే బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. "అమ్మణ్ణీ, నాలుగు చీటీలకి ఎవరూ ఇంత దిగరు. మిగతావి ఎక్కడున్నాయి?"

"ఏం లేవన్నా. నేను చూసుకుంటాను. సరుకు పోనీ."

"సరుకు కంటే ముందు నువ్వే పోయేలా ఉన్నావు."

నేలలోని సందుగుండా కింది నుంచి కరుప్పాత్తాళ్ గొంతు వచ్చింది. "ఏమే లోకూ, పడితే మా నెత్తిన పడతావే! కనీసం మడమలకి ఆముదమన్నా రాసుకోకూడదూ? ఆ పగుళ్లలో రూపాయి బిళ్ళ దాచొచ్చు!"

నడుము దాకా నేలలో ఉండి కూడా లోకనాయకికి నవ్వొచ్చింది. నవ్వుతుండగానే కళ్లు నిండాయి.

"చెప్పండక్కా," అంది పైనుంచి రెజీనా. రిబ్బను పట్టుకుని ఒక్కో జానా కిందికి పాకుతూ వచ్చింది. "మీరు చెప్పండి, నేను రాస్తాను. నాకు వేరే పనేముంది?"

లోకనాయకి తన ముందున్న టైలు అంచుని వేలితో గీకింది. తర్వాత నెమ్మదిగా అంది. "అన్నీ చెప్పేస్తే ఇంక నన్నెవరు అడుగుతారు?"

"ఎవరూ అడగరు," అన్నాడు మరుదాచలం. "టీ వేడిగా తాగొచ్చు."

ఆమె మొదలుపెట్టింది. "నీలం రంగు ముక్క రెండోసారి అడగాలి. మొదటిది కొంచెం ఊదాగా వచ్చింది."

రెజీనా చీటీ రాసింది. తిరుమూర్తి తన పేరు పెట్టాడు. అతని కాళ్ల కింద టైలు కిర్రుమంది, లోకనాయకి వేలెడు లేచింది. ఇంకో రెండు చెప్పింది, ఇంకో ఇద్దరు చెరొకటి తీసుకున్నారు. లేబుళ్ల మీద ఉతికే గుర్తులు సరిచూడాలి. దాన్ని రెజీనా తీసుకుంది. ఆమె కాళ్లు ఒక మూర దిగాయి. ఈరోడ్ నుంచి రావాల్సిన జిప్పుల సంగతి కూడా ఆమే తీసుకుంది. ఏ ఫోను నంబరు, ఎవరితో మాట్లాడాలి, ఏ మాటకి ఆయన మెత్తబడతాడు, అన్నీ అడిగి చీటీ కిందే రాసింది. అంత శుభ్రంగా రాసిన చీటీని లోకనాయకి ఎన్నడూ చూడలేదు. దాన్ని చదివితే కొత్తవాడైనా పని చేసుకుపోగలడు. ఐదో చీటీకి రెజీనా బొటనవేళ్లు నేలకి ఆనాయి. చేరినప్పటినుంచీ అదే మొదటిసారి. ఆమె నడుముకున్న రిబ్బను తనే విప్పుకుంది.

కింది ఆడవాళ్లు ఊరుకోలేదు. పడితే దెబ్బ తగలకుండా ఆ పాదాల కింద అట్టపెట్టెలు పేర్చడం మొదలెట్టారు. పాదాలకి ఆసరా తగిలేసరికి లోకనాయకి అడిగింది. "ఏం పెడుతున్నారత్తా కాళ్ల కింద?"

"భయపడకు, మెత్తనివే. పిల్లల టోపీ జాకెట్లు, ఓడకి పోయేవి. పొద్దుటినుంచీ కడుతున్నాం."

ఆ మాట వినగానే ఆమె గుండెల దాకా దిగిపోయింది. కింద పైపెట్టె పగిలిన చప్పుడు మేడ మీదికి వినిపించింది.

ఆఫీసంతా ఆమె చుట్టూ చేరింది.

"ఆ జాకెట్లకి తాళ్లు ఉండకూడదు," అంది లోకనాయకి. "టోపీకి తాడుంటే ఆటలో ఎక్కడైనా చిక్కుకుని పిల్లల మెడకి బిగుస్తుందని, తీసేయమని బయ్యరు ఫోన్లో చెప్పాడు. కుట్టు మొదలవకముందే చెప్పాడు. బోర్డు మీద పెట్టలేదు, గుర్తుంటుందిలే అనుకున్నాను. గుర్తొచ్చేసరికి సగం కుట్టేశారు. చెబితే ఉద్యోగం పోతుందనుకున్నాను. ఎలాగోలా సర్దుదామని..."

ఆమె తన ముందున్న నేలని రెండు అరచేతులతో అదిమి పట్టుకుంది.

మరుదాచలం ముఖం నల్లబడింది. అతను అరిచే మనిషి కాదు. "ఏ దేశంలోనో, మనం చూడని ఒక బిడ్డ మెడ అది," అన్నాడు. "దాన్ని తలలో పెట్టుకుని అన్నం ఎలా తిన్నావమ్మా?"

ఆమె తల వంచుకుంది. సాకు చెప్పుకోవడానికి చూడలేదు. ఆ మనిషి మీద నాకు గౌరవం కలిగింది అక్కడే.

"చీటీ రాయి రెజీనా," అన్నాడు మరుదాచలం. "ప్రతి పెట్టె విప్పాలి. ప్రతి జాకెట్టు తాడు లాగేయాలి. మళ్లీ కట్టాలి."

"పేరెవరిది పెట్టనన్నా?"

"నాది," అంది లోకనాయకి. "నా ఒక్కదానిదే."

రెజీనా ఆ పేరు పెట్టింది. లోకనాయకి చంకల దాకా దిగింది. ఇంక తల, రెండు చేతులు మాత్రమే నేల మీద ఉన్నాయి. రెజీనా ఒక్క క్షణం ఆగి, ఆ పేరు పక్కన తన పేరు చేర్చింది. తిరుమూర్తి ఫోను తీశాడు. "జరగండి, నేనూ," అన్నాడు. ఫోన్లన్నీ ఒకదాని వెంట ఒకటి మోగాయి. ఒక చీటీకి ఎన్ని పేర్లైనా పట్టడం ఆ బోర్డులో ఉన్న గొప్ప వసతి. అంతవరకూ దాన్ని ఎవరూ వాడుకోలేదు. మరుదాచలం పేరు కూడా వచ్చింది.

"పైన ఏం జరుగుతోందే?" అని కింది నుంచి కేక. ఎవరో చెప్పారు. "మరి మా పేర్లో? మాకు ఫోను నొక్కడం రాకపోతే తాడు లాగడం రాదా? ఎక్కించండి! క, రు, ప్, పా..." అంటూ కరుప్పాత్తాళ్ తన పేరు తనే అక్షరం అక్షరం పలికింది. హాల్లోని ఆడవాళ్లందరూ ఆమె వెనకే పలికారు. రెజీనా వేళ్లు ఆగలేదు.

ఆఫీసులో ప్రతి ఒక్కరూ చీలమండల దాకా నేలలోకి దిగారు. లోకనాయకి గుండెలు, నడుము, మోకాళ్లు ఎవరూ లాగకుండానే వరసగా బయటికొచ్చాయి. చివరికి ఆమెవి కూడా చీలమండలే నేలలో మిగిలాయి. ఆ గదిలో అందరూ ఒకే ఎత్తున నిలబడ్డారు.

ఆమె మొదట చేసిన పని బయ్యరుకి ఫోను చేయడం. జరిగింది జరిగినట్టు చెప్పింది. అవతలి మనిషి కోప్పడ్డాడు, తర్వాత నాలుగు రోజులు గడువిచ్చాడు. ఆ నాలుగు రోజులూ మేడ మీది వాళ్లు కిందే పనిచేశారు. లోకనాయకి కరుప్పాత్తాళ్ పక్కన నేల మీద కూర్చుని తాళ్లు లాగింది. "అలా గుంజకే, కుట్టు చిరుగుతుంది" అని తిట్లు తింది. చిరిగినవి మళ్లీ కుట్టించింది. ఒక్కో పెట్టె పూర్తవగానే రెజీనా బోర్డు మీద గుర్తు పెట్టేది. పొద్దున ఎన్ని మిగిలాయో కుట్టువాళ్లకీ, లారీవాడికీ, బయ్యరుకీ ఒకేసారి కనబడేది. ఎవరూ ఎవరినీ అడగనక్కర్లేకపోయింది. సరుకు ఓడెక్కింది.

మరునాడు పొద్దున బోర్డు మీద కొత్త చీటీ కనబడింది. మరుదాచలం పెట్టినది. "మేనేజరు గది." దాని మీద పేరు రెజీనాది.

ఎవరూ లోకనాయకి వైపు చూడలేదు. అందరూ తమ ఫోన్లలోకే చూస్తూ ఉండిపోయారు. ఆమె కుడికాలి కింద టైలు మెత్తబడింది. కాలు అక్కడే ఉంచి, ఆ పేరుని చాలాసేపు చూసింది. మరుదాచలం తప్పు చేయలేదు. తప్పుకి మూల్యం ఉండాలి, లేకపోతే నిజం చెప్పిన మనిషికి కూడా ఆ నిజం మీద నమ్మకం ఉండదు. అది ఆమెకీ తెలుసు. తెలిసినంతమాత్రాన నొప్పి తగ్గదు. కాసేపటికి ఆమె కాలు పైకి తీసుకుంది.

అద్దాల గదిలోంచి రెజీనా పిలిచింది. "అక్కా! ఒకసారి రండి. ఇక్కడ నేల ఇంత మెత్తగా ఉందేంటి?" అప్పటికే ఆమె చెప్పులు నేలలో మునిగిపోయాయి.

లోకనాయకి లోపలికి వెళ్లింది. "ఏవేవున్నాయో చదువు." రెజీనా చదువుతుంటే మధ్యలో ఆపింది. "ఆ రెండూ నాకివ్వు. అద్దకంది తిరుమూర్తికియ్యి, వాడికి ఇవాళ మడమలు లేస్తున్నాయి. ఆ మూడోది నువ్వే ఉంచుకో, నేర్చుకుంటావు." కుర్చీని కిటికీ వైపు తిప్పి, "ఇలా వేసుకో, తెర మీద ఎండ పడదు," అంది.

సాయంత్రం ఐదున్నరకి ఆమె చీటీలు రెండూ మూడో గడిలోకి వెళ్లిపోయాయి. లోకనాయకి సంచి తీసుకుని అందరితో పాటు మెట్లు దిగింది. గేటు దాటి ఆగిపోయింది. ఆ వేళకి వీధిలో ఇంకా వెలుతురుంటుందన్న సంగతి ఆమె మర్చిపోయింది. ఎదురు గోడ మీద పల్చటి ఎండ, దాని కింద జామకాయల బండి, బడి నుంచి వస్తున్న పిల్లలు. వెనకాల వచ్చేవాళ్లకి అడ్డమని పక్కకి జరిగి, ఆ ఎండ గోడ దిగిపోయేదాకా అక్కడే నిలబడి చూసింది.